గాలం ఒక్కటే... కర్రలు వంద!

చేపలు పట్టడానికి ఏం కావాలి? గోదావరి గట్టున ఎవర్నడిగినా 'ఓ వెదురు కర్ర, కాస్త దారం, గాలం, రెండు వానపాములు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదే ప్రశ్న అమెరికాలో బాస్ చేపలు పట్టేవాళ్లని అడిగి చూడండి... జవాబు పూర్తయ్యేసరికి పొద్దుగూకిపోతుంది!

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వేసవిలో వెళ్లిన ఓ తాతయ్య... డాలస్‌లో ఇల్లు. పక్కింటి కుర్రాడు కాలనీ చెరువులో ఇంత పొడవు చేపని పట్టాడని విని వచ్చిన మనవడు 'తాతయ్యా, నాకూ ఫిషింగ్ రాడ్ కావాలి' అని పేచీ మొదలెట్టాడు. తాతయ్యకి చిన్నప్పుడు పంటకాలువలో గాలమేసిన అనుభవం ఉండనే ఉంది. 'ఓస్ అంతేనా' అనుకుంటూ వాణ్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. అక్కడ గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా కర్రలే కర్రలు. ఒక్కోదాని మొదట్లో చీమల బారులాంటి రాత... 'ఏడు అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, లైన్ 12 నుంచి 20 పౌండ్లు, ఎర పావు ఔన్సు నుంచి ఔన్సు'. పక్క అరలో గుండ్రంగా, పొడుగ్గా రకరకాల చక్రాలు. ఆపై వరసలో దారపు చుట్టలు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని ధరకీ మరోదాని ధరకీ పోలికే ఉండదు.

ఇలాంటి కథ ఎంతోమంది ఇళ్లలో జరిగేదే. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. గట్టిగా ఉన్న కర్రా, మెరుస్తున్న రీలూ, లావుపాటి దారమూ కొనేసుకుని వచ్చేస్తారు. మర్నాడు చెరువు దగ్గర ఎర పది అడుగుల దూరం కూడా వెళ్లదు. దారం చిక్కుపడి పిచ్చుక గూడులా తయారవుతుంది. వారం తిరిగేసరికి ఆ సరంజామా అంతా గ్యారేజీలో ఓ మూలకి చేరుతుంది. డబ్బులు పోతే పోయాయి, ఆ పిల్లాడు మళ్లీ నీళ్ల వైపు చూడడు. అసలు నష్టం అదీ!

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి? కర్రతో కాదు... చేపతో.

పెద్ద నోటి చేప!

అమెరికాలో 'బాస్ ఫిషింగ్' అంటే ఎక్కువగా లార్జ్‌మౌత్ బాస్ గురించే. పేరుకి తగ్గట్టు నోరు మూసినా దాని దవడ కంటి వెనకదాకా సాగి ఉంటుంది. సముద్రంలో దొరికే బాస్‌కీ దీనికీ చుట్టరికం లేదు. ఇది సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. దీని శాస్త్రీయనామంలోని 'మైక్రోప్టెరస్' అంటే 'చిన్న రెక్క' అని అర్థం. నిజానికి దీని రెక్క చిన్నదేం కాదు. 1802లో ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ చేతికి వచ్చిన చేపకి వీపుమీది రెక్క కొంత తెగిపోయి ఉందట. ఆ దెబ్బ తగిలిన రెక్కే ఈ జాతి మొత్తానికీ పేరైపోయింది!

మన కొరమీను తెలుసుగా... తెలంగాణ రాష్ట్ర చేప. అది చెరువులో నాచు కింద నక్కి ఉండి కప్ప కనిపించగానే ఎలా దూకుతుందో, బాస్ కూడా అచ్చం అంతే. మునిగిన మొద్దు పక్కనో తామరాకుల నీడలోనో కదలకుండా పొంచి ఉంటుంది. ఎర దగ్గరకొస్తే చటుక్కున నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. అది తిండి కాదని తెలిసిందంటే కన్నుమూసి తెరిచేలోగా ఊసేస్తుంది. గాలం గుచ్చుకుందా, ఒక్క ఉదుటున మళ్లీ ఆ మొద్దుల్లోకో నాచులోకో దూరాలని చూస్తుంది.

అంటే చేపలు పట్టేవారికి మూడు పనులున్నాయన్నమాట. ఎరని సరిగ్గా దాని ఇంటి గుమ్మం ముందు పడేలా విసరాలి. అది నోట పెట్టుకున్న క్షణమే పసిగట్టి గాలం గుచ్చాలి. నాచులో చుట్టుకోకముందే బయటకు లాగాలి. రాడ్ అయినా రీల్ అయినా లైన్ అయినా ఈ మూడు పనులకోసమే. ఇది తెలిస్తే ఆ చీమల బారు రాతలు కాస్త కాస్త అర్థమవడం మొదలవుతాయి.

కర్రలో మన వాటా

ఈ రాడ్ల చరిత్రలో మన దేశానికీ ఓ చిన్న చోటుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో వెదురుని నిలువుగా చీల్చి, ఆ బద్దల్ని అతికించి రాడ్లు చేయడం మొదలుపెట్టినప్పుడు వాడింది ఇండియానుంచి వెళ్లిన వెదురే. 'కలకత్తా కేన్' అనేవాళ్లు దాన్ని. ఆ తర్వాత చైనానుంచి వచ్చిన టోంకిన్ వెదురు దాని స్థానాన్ని ఆక్రమించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్, 1970ల్లో గ్రాఫైట్ వచ్చాయి. ఇప్పుడు బాస్ రాడ్లు ఎక్కువగా గ్రాఫైట్‌వే. బరువు తక్కువ, నీళ్లలో ఎర రాయికి తగిలినా ఆకుకి తగిలినా చేతికి తెలిసిపోతుంది.

ఇక రాతల సంగతి. 'మీడియం', 'హెవీ' అన్నది కర్ర బలం... అంటే దాన్ని వంచడానికి ఎంత బరువు కావాలీ అని. 'ఫాస్ట్', 'మోడరేట్' అన్నది అది ఎక్కడ వంగుతుందీ అని. ఫాస్ట్ అయితే కొస మాత్రమే వంగుతుంది, మోడరేట్ అయితే నడుమునుంచీ విల్లులా వంగుతుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి కంగారుపడతారు. రెండూ వేరు.

'కర్ర గట్టిగా ఉంటే మంచిదేగా' అనుకుంటే పొరపాటే. ఎరని విసిరేది మన చెయ్యి కాదు, వంగి లేచే కర్ర. పావు ఔన్సు ఎరకి హెవీ రాడ్ అసలు వంగనే వంగదు. వంగని కర్ర విసరనూ విసరదు! అందుకే కొనేముందు బలం మాట తర్వాత, 'ఎర బరువు' దగ్గర రాసి ఉన్న అంకెలే ముందు చూడాలి.

అలాగని అన్నిటికీ మెత్తటి కర్ర పనికిరాదు. ప్లాస్టిక్ వానపాముని అడుగున పాకించేటప్పుడు గాలం మొన ఆ ప్లాస్టిక్‌లోనే దాగి ఉంటుంది. దాన్ని చీల్చుకుని చేప దవడలో దిగాలంటే ఏడడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ రాడ్ కావాలి. చిన్న చేప ఆకారంలో ఉండి గబగబా ఈదే క్రాంక్‌బెయిట్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. దానికి వేలాడే మూడు మొనల గాలాలు చిన్నవి, పైపైనే గుచ్చుకుంటాయి. గట్టి కర్రతో గుంజితే ఊడి వచ్చేస్తాయి. అక్కడ నడుమునుంచి వంగే మోడరేట్ రాడ్‌దే రాజ్యం. ఈ ఎర కోసం ఇప్పటికీ ఫైబర్‌గ్లాస్‌ని వదలనివాళ్లున్నారు. తామరాకుల మీద రబ్బరు కప్పని గెంతించేవాళ్లయితే హెవీ రాడ్ తప్ప ముట్టుకోరు. ఎందుకంటే చేపతోపాటు రెండు కిలోల నాచు కూడా లాక్కురావాలి మరి!

గడియారాలవాళ్ల ఘనత

రీళ్ల కథ చెబితే నవ్వొస్తుంది. బాస్ పట్టేవాళ్లు మోజుపడే బెయిట్‌కాస్టింగ్ రీలుకి మూలపురుషుడిగా చెప్పుకునే జార్జ్ స్నైడర్ కెంటకీ రాష్ట్రంలో గడియారాలు బాగుచేసుకునే మనిషి. పిడి ఒక చుట్టు తిప్పితే చక్రం అంతకంటే ఎక్కువ చుట్లు తిరిగేలా పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో పళ్లచక్రాలతో రీలు చేశాడు. పిల్లలు వాడే మూతరీలు... అదే, మీట నొక్కి విసిరేసే స్పిన్‌కాస్ట్ రీలు చేసింది కూడా గడియారాల పని తెలిసినాయనే. పేరు ఆర్.డి.హల్, ఊరు టెక్సాస్. కిరాణా కొట్లో పొట్లాలు కట్టేందుకు దారాన్ని ఉండ మీదనుంచి సర్రున లాగుతుంటే చూసి, ఉండ కదలకుండానే దారం జారిపోతోందని గమనించాడట. దాన్ని తయారుచేయమని ఆయన ఏ కంపెనీ తలుపు తట్టాడో తెలుసా? చమురు బావుల్లో పేల్చే బాంబులు చేసే 'జీరో అవర్ బాంబ్ కంపెనీ'! 1949లో మొదటి రీళ్లు వచ్చాయి. ఆ పేరులోని అక్షరాలు కలిపితే వచ్చిందే ఇప్పటికీ పిల్లల రీళ్లకి పేరుపడ్డ 'జెబ్‌కో'.

ఆరేడేళ్ల పిల్లలకైతే ఈ మూతరీలే సుఖం. చిక్కులు తక్కువ, విసరడం తేలిక. కొంచెం పెద్దవాళ్లకీ, మొదటిసారి పట్టే పెద్దలకీ స్పిన్నింగ్ రీలు. ఇది కర్ర కింద వేలాడుతుంది. చక్రం కదలదు, దారమే దానిమీదనుంచి జారిపోతుంది కాబట్టి తేలికపాటి ఎర కూడా దూరం వెళ్తుంది. బాస్‌కి 2500 లేదా 3000 నెంబరు సైజు సరిపోతుంది.

బెయిట్‌కాస్టర్ దగ్గరే వస్తుంది తంటా. ఇది కర్ర పైన కూర్చుంటుంది. ఎరతోపాటు చక్రమూ గిరగిరా తిరుగుతుంది. గాల్లో ఎర వేగం తగ్గినా చక్రం మాత్రం తన జోరున తిరుగుతూనే ఉంటుంది. వెళ్లే దారం తక్కువ, వదిలే దారం ఎక్కువ. దాంతో క్షణంలో పిచ్చుకగూడు తయారు! బొటనవేలితో ఆ చక్రాన్ని సున్నితంగా అదిమి పట్టుకోవడం చేతికి అలవాటయ్యేదాకా ఈ తిప్పలు తప్పవు. దీనికో చిట్కా ఉంది. రాడ్‌ని ముందుకు చాపి, ఎరని వేలాడదీసి, మీట నొక్కి వదలాలి. ఎర నెమ్మదిగా దిగి, నేలని తాకగానే చక్రం ఆగిపోవాలి. అలా అయ్యేదాకా పక్కనున్న మరని బిగిస్తే సగం చిక్కులు పోతాయి. మిగతా సగాన్ని రీల్లో ఉండే అయస్కాంతం బ్రేకులు చూసుకుంటాయి. ఇంత కష్టం ఎందుకంటారా? బరువైన ఎరనీ లావు దారాన్నీ తట్టుకుంటుంది, గురి బాగా కుదురుతుంది... వేలు కుదిరాకే లెండి!

రీలు మీద '6.3:1', '7.5:1' అని ఉంటుంది. పిడి ఒకసారి తిప్పితే చక్రం అన్ని చుట్లు తిరుగుతుందని. క్రాంక్‌బెయిట్‌కి ఐదు చిల్లర చాలు. నాచులోంచి చేపని గబగబా లాగాలంటే ఏడు దాటాలి. ఒకే రీలు కొనేవాళ్లు ఆరు చిల్లర దగ్గర ఆగిపోవచ్చు.

అసలు మూలం దారమే

వందల డాలర్లు పోసి రాడ్డూ రీలూ కొని, దారం దగ్గర పిసినారితనం చూపేవాళ్లని ఏమనాలి! చేపకీ మనిషికీ మధ్య ఉన్నది అదొక్కటే కదా. తెగితే పోయేది ఎర ఖరీదు మాత్రమే కాదు. నోట్లో గాలంతో, వెనక పది గజాల దారంతో ఓ ప్రాణి నీళ్లలో మిగిలిపోతుంది.

దారాలు మూడు రకాలు. మొదటిది నైలాన్ మోనోఫిలమెంట్. చవక, ముడి బాగా పడుతుంది, బాగా సాగుతుంది. సాగడం అన్నివేళలా లోపం కాదు. కొత్తవాళ్లు కంగారుగా గుంజినప్పుడు ఆ సాగే గుణమే చేపని నిలబెడుతుంది. నీటిలో చాలా నెమ్మదిగా మునుగుతుంది కాబట్టి పైన తేలే ఎరలకీ బాగుంటుంది. కాకపోతే ఎండకి పాడవుతుంది, రీలు మీద చుట్టి ఉంచితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుపోతుంది. అందుకే పోయిన ఏడాది దారాన్ని ఈ ఏడాది నమ్మకూడదు.

రెండోది ఫ్లోరోకార్బన్. నీటి గుండా కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె 1.33 అయితే దీనిది 1.42. నైలాన్‌ది ఇంకా ఎక్కువ. నీళ్లలో ఇది సరిగా కనపడకపోవడానికి కారణం అదే. నీటికన్నా చాలా బరువు కాబట్టి మునుగుతుంది, మొద్దులకి రాసుకున్నా త్వరగా తెగదు. అడుగున పాకే ఎరలకి భేషుగ్గా ఉంటుంది. పైన తేలే ఎరకి కడితే మాత్రం దాని ముక్కుని నీళ్లలోకి లాగేస్తుంది.

మూడోది బ్రెయిడ్... పాలిథీన్ పోగుల్ని జడలా అల్లినది. 30 పౌండ్లు మోసే బ్రెయిడ్, 8 పౌండ్ల నైలాన్ అంత సన్నగా ఉంటుంది! దాదాపుగా సాగదు. కప్ప ఎరతో నాచుమీద వేటకి 50, 65 పౌండ్ల బ్రెయిడ్ ఉండాల్సిందే. మన దగ్గర కొరమీను కోసం రబ్బరు కప్పలు విసిరే కుర్రాళ్లు బ్రెయిడే చుట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. రెండింటి బతుకూ నాచు కిందే కదా. అయితే తేటనీళ్లలో ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే బ్రెయిడ్ చివర రెండు మూడు గజాల ఫ్లోరోకార్బన్ ముడివేస్తారు. ఇంకో సంగతి... ఖాళీ చక్రం మీద నేరుగా చుడితే బ్రెయిడ్ మొత్తం జారి తిరిగిపోతుంది. అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేయాల్సిందే. ఇది తెలియక రీలు పాడైందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లేవాళ్లూ ఉంటారు!

ముడి బిగించేముందు దాన్ని ఉమ్మితోనైనా తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్, ఫ్లోరోకార్బన్ అక్కడే బలహీనపడతాయి. పెద్ద చేపలు ఎక్కువగా తెంచుకుపోయేది ఆ ముడి దగ్గరే. కత్తిరించిన ముక్కల్ని గట్టున పారేయకూడదు. పక్షుల కాళ్లకీ తాబేళ్ల మెడకీ అవే ఉరితాళ్లవుతాయి. అమెరికాలో చాలా చెరువుల దగ్గర వీటికోసమే గొట్టపు డబ్బాలు పెడుతున్నారు.

ఇద్దరికీ ఒకటే రాడ్!

ఇన్ని లెక్కలూ విన్నాక ఓ పాత సంగతి కూడా వినాలి. 1932 జూన్ 2. జార్జియా రాష్ట్రం. ఆర్థికమాంద్యం రోజులు. తండ్రి పోయి ఇంటి భారం మీదపడ్డ 20 ఏళ్ల రైతు కుర్రాడు జార్జ్ పెర్రీ. పొలం తడిగా ఉండి పనికి వీలుకాకపోవడంతో స్నేహితుడితో కలిసి మాంట్‌గొమరీ లేక్‌కి వెళ్లాడు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే రాడ్డూ రీలూ. విసిరిన ఎర దేనికో పట్టుకుని కదల్లేదు. మొద్దుకి తగులుకుందనీ, ఉన్న ఎర కాస్తా పోయిందనీ దిగులుపడ్డాడు. ఆ మొద్దు కదిలింది! తూకం వేస్తే 22 పౌండ్ల 4 ఔన్సులు... పది కిలోల పైమాటే. ఓ పత్రిక పెట్టిన పోటీలో బహుమతి వచ్చింది. చేపని మాత్రం ఇంటికి తీసుకెళ్లారు, ఇంటిల్లిపాదీ తిన్నారు.

77 ఏళ్లు ఎవరూ ఆ రికార్డుని తాకలేదు. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికన్నా ఔన్సుకన్నా తక్కువే ఎక్కువ తూగింది. నిబంధనల ప్రకారం పాత రికార్డుని బద్దలుకొట్టాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలి. దాంతో ఇద్దర్నీ సమానమన్నారు. అన్నట్టు, జపాన్‌లో ఈ బాస్ బయటినుంచి వచ్చిన చేప. అక్కడి సొంత చేపల్ని తినేస్తోందని బివా సరస్సులో పట్టిన బాస్‌ని తిరిగి నీళ్లలో వదలడాన్ని నిషేధించారు.

అమెరికాలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. 1972లో రే స్కాట్ అనే ఆయన తాను నడిపే బాస్ పోటీల్లో పట్టిన చేపల్ని చంపకుండా వదలాలని ప్రచారం మొదలుపెట్టాక పద్ధతే మారిపోయింది. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో 1986లో ఓ గైడ్‌కి దొరికిన 17.67 పౌండ్ల ఆడచేపకి 'ఎథెల్' అని పేరుపెట్టి, మిస్సోరీలోని ఓ పెద్ద దుకాణంలో గాజుతొట్టెలో పెంచారు. 1994లో అది చనిపోతే సంతాపసభ జరిపారు!

వదిలేసే చేపే అయినప్పుడు సరంజామా విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. మరీ సన్నటి దారంతో, మెత్తటి కర్రతో అరగంటసేపు ఆడిస్తే ఎండాకాలం వేడినీళ్లలో ఆ చేప అలసిపోతుంది. వదిలినా బతుకుతుందన్న నమ్మకం ఉండదు. 'సన్నటి దారంతో పెద్ద చేపని పట్టా' అని గొప్పలు చెప్పుకోవడం వినడానికి బాగానే ఉంటుంది... చేపకే బాగుండదు.

ఇక మన తాతామనవళ్ల సంగతికొద్దాం. ఒక్కటే కొనాలనుకుంటే ఆరున్నర అడుగుల మీడియం, ఫాస్ట్ స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీలు, 8 పౌండ్ల నైలాన్. అవసరమైన ఎరల్లో చాలావాటికి ఇది సరిపోతుంది. వంద డాలర్ల లోపే రాడ్డూ రీలూ జతగా దొరుకుతాయి. రాడ్‌కి రీలు బిగించి, రీలు ముందుభాగం కింద ఓ వేలు పెట్టి చూస్తే కర్ర రెండువైపులా సమంగా నిలవాలి. ముందుకు వాలిపోతే గంటసేపటికే మణికట్టు నొప్పి ఖాయం. బాస్ కోసం టెక్సాస్‌లో 17 ఏళ్లు దాటినవాళ్లకి లైసెన్సు కావాలి. పిల్లాడికి అక్కర్లేదు, తాతయ్య గాలం వేస్తే మాత్రం కావాలి. జూన్ మొదటి శనివారం అందరికీ మినహాయింపు.

చివరిగా, డబ్బులిచ్చేముందు చిన్న పరీక్ష. రాడ్ పొడవునా దారం దూరేందుకు ఉంగరాలుంటాయి. వాటిలో ఏ ఒక్కదానికి సన్నటి పగులున్నా దారం కోసుకుపోతుంది. కంటికి కనపడదు. అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి కాస్త దూది తీసుకుని ఒక్కో ఉంగరం లోపల తిప్పి చూడాలి. ఎక్కడ పోగు చిక్కుకుంటే ఆ కర్రని అక్కడే గోడకి పెట్టేసి పక్కది తీసుకోవాలి.